రెండు చేతుల గోలీలు

అలివేలు చేతికి రావలసిన నాడె రాలేదు.

గద్వాల చీర నేయడానికి ఒక్క మనిషి చాలడు. ఒడలంతా నూలు, అంచు పట్టు. రెండూ కలిసేచోట పోగు పోగూ మెలిపడాలి. అందుకని మగ్గం గుంటలో నారాయణ కూర్చుంటే, పక్కన పీట మీద అలివేలు కూర్చుంటుంది. అటు నుంచి అతను పోగు చుట్టిన నాడె విసిరితే ఆమె అందుకుంటుంది, ఆమె విసిరితే అతను అందుకుంటాడు. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ అదే పని. మొగుడి ముఖం చూడనక్కర్లేదు, నాడె వచ్చే తీరును బట్టి అతనికి కోపం వచ్చిందో, ఆకలి వేసిందో చెప్పేస్తుంది. అలాంటిది ఆ మధ్యాహ్నం చెయ్యి చాపి కూర్చునే ఉంది... నాడె రాలేదు.

తలెత్తి చూసింది. నారాయణ చీర మీదికి ఒరిగిపోయి ఉన్నాడు. ముఖం పాలిపోయింది. నుదుటి నిండా చెమట.

"ఏమైంది? ఇగో... ఏమైంది నీకు?"

"కండ్లు తిరుగుతున్నయి అలివేలూ. జర లేపు."

లేపింది. లేచినవాడు గుంట గట్టు దాటకముందే భళ్లున కక్కుకున్నాడు. నల్లగా, కాఫీ పొడి కలిపిన నీళ్లలాగా... మధ్య మధ్య ఎర్రటి గడ్డలు. రక్తం! అంత ప్రాణం మీదికి వచ్చినా, అమ్మవారికి మొక్కుకున్న చీర మీద పడకూడదని ముఖం పక్కకు తిప్పుకున్నాడు ఆ పిచ్చి మనిషి. ఏం చెప్పమంటారు!

వంటింట్లోంచి అత్తగారు సాయమ్మ గోడ పట్టుకుని ఆదరాబాదరాగా వచ్చింది. కొడుకును చూసింది, నేల మీది రక్తాన్ని చూసింది. నెలనాళ్లుగా కోడలితో మాట్లాడని ఆ నోరు అప్పుడు తెరుచుకుంది.

"ఏం పెట్టినవే నా కొడుక్కు?"

ఏం పెట్టింది? పొద్దున్నుంచీ అతను మెతుకు ముట్టలేదు. ముట్టింది ఒక్కటే, తెల్లవారగానే తాను అరచేతిలో పెట్టిన నొప్పి గోలి.

కొత్తగా వచ్చిన నూట ఎనిమిది బండి ఎర్రవల్లి చౌరస్తా దాటి కర్నూలు వైపు పోతున్నంతసేపూ ఆమె భర్త పాదాలు పట్టుకునే కూర్చుంది. చల్లగా ఉన్నాయి పాదాలు. అవతల పక్కన సాయమ్మ అతని తల పట్టుకుని కూర్చుంది. ఒకే మనిషికి తల దగ్గర ఒకరు, కాళ్ల దగ్గర ఒకరు. ఇద్దరి మధ్యా మాట లేదు.

ఈ మాట లేకపోవడం ఎక్కడ మొదలయిందో చెప్పాలి. కిందటేడు నారాయణకు గుండెపోటు వచ్చింది. కర్నూలు డాక్టర్లు బతికించి, రక్తం పలచబరిచే చిన్న గోలి ఒకటి రాసిచ్చి, బతికినంతకాలం రోజూ వేసుకోవాలన్నారు. కొడుకు ఇంటికి వస్తే చాలు, ఇంట్లో నేసిన చీర పెడతానని సాయమ్మ జమ్ములమ్మ తల్లికి మొక్కుకుంది. తల్లి కదా, మొక్కడంలో తప్పేముంది? ఆ చీర మగ్గం ఎక్కింది మాత్రం నెల కిందటే. కానీ ఆ ఇంట్లో మొక్కు చీరకు ఒక కట్టుబాటు ఉంది. చీర మగ్గం మీంచి కోసేదాకా, దాని మీద కూర్చున్నవాళ్లు పొద్దు గూకే వరకు ఎంగిలి పడకూడదు. నీళ్లకు తప్పు లేదు, మందుకు తప్పు లేదు. అన్నానికే తప్పు.

"గుండె మనిషి అత్తమ్మా. పగలంతా కడుపు మాడ్చుకుంటే ఎట్ల? ఇంత జొన్న గటక తాగి కూసుంటే అమ్మవారు వద్దంటదా?" అంది అలివేలు. అంతే. "మొక్కుకు అడ్డం పడ్డవా? నా కొడుకు బతికిందే ఆమె దయతోని" అని సాయమ్మ ముఖం తిప్పుకుంది. ఆనాటి నుంచి, "నారాయణా, ఉప్పు అయిపోయిందని నీ పెండ్లానికి చెప్పు" అని ఆమె, "పాలు పొంగుతున్నయని మీ అమ్మకు చెప్పు" అని ఈమె. అడుగు దూరంలో నిలబడి! మధ్యలో నారాయణ అడకత్తెరలో పోకచెక్క.

పగలంతా ఖాళీ కడుపుతో నేయగా నేయగా అతని కుడి భుజం పట్టేసింది. మణికట్టు వాచింది. నాడె విసిరినప్పుడల్లా పళ్లు బిగబట్టేవాడు. అది చూడలేక అలివేలు తమ వీధి చివర ఉన్న గిరిధర్ మందుల షాపుకు పోయింది.

"నొప్పి ఒక్కటేనా, వాపు గూడ ఉందా?" అని అడిగాడు గిరిధర్. "ఒట్టి నొప్పికైతే పారాసిటమాల్ చాలు. వాపుంటే వేరేది ఇస్త. గని కడుపు మంట, గుండె జబ్బు ఉన్నోళ్లకు అది పడదు. ఇంకేమన్న మందులు వాడుతుండా?"

చెబుదామని నోరు తెరిచింది అలివేలు. సరిగ్గా అప్పుడే, తమకు నూలూ పట్టూ ఇచ్చి నేయించుకునే షావుకారు గుమాస్తా వచ్చి పక్కన నిలబడ్డాడు. నారాయణకు గుండె జబ్బని వీధిలో ఎవరికీ తెలియదు. కర్నూలుకు పోయి వచ్చినప్పుడు కూడా కడుపునొప్పి అనే చెప్పుకున్నారు. జబ్బు మనిషి మగ్గానికి పట్టు ఎవడిస్తాడు? సగంలో ఆగిపోతే చీరెవడు కొంటాడు?

"ఏం వాడడు. గట్టిదే ఇయ్యి. మామూలుదానికి ఆగుతలేదు" అంది.

ఆ ఒక్క మాట! బండిలో కూర్చుని దాన్నే తిప్పి తిప్పి తలచుకుంది.

కర్నూలు దవాఖానలో నారాయణను లోపలికి తీసుకుపోయారు. కాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చింది. నడివయసు మనిషి, మాటలో తొందర ఉంది కానీ కసురు లేదు.

"పేగులో పుండు పడి రక్తం కారుతోంది. ఏమేం మందులు వాడుతున్నాడు?"

సాయమ్మ నేల చూపులు చూస్తోంది. అలివేలు జాకెట్లోంచి గోలీల అట్ట తీసింది.

"గుండె గోలీ ఒకటి మేడం, రోజూ. ఇది నొప్పికి. నేనే తెచ్చి ఇచ్చిన. పొద్దుగాల ఒకటి."

"ఐబుప్రోఫెన్. తిన్న తర్వాత ఇచ్చావా?"

"లేదు. మొక్కు చీర నేస్తున్నం. ఒక్కపొద్దు."

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆమె ముఖం వంక చూసింది. "గుండె గోలీతో పాటు ఇదా, అదీ ఖాళీ కడుపునా? గుండె జబ్బుందని షాపులో చెప్పలేదా?"

"చెప్పలె. తప్పు నాదే."

"సరే, అది తర్వాత. రోజుకు ఒక్క గోలితో ఇంత పుండు పడిందంటే నాకు అనుమానంగానే ఉంది. ఇంకేదైనా ఇచ్చారా? పల్లెల్లో పొట్లం కట్టి ఇచ్చే గోలీల్లో ఒక్కోసారి స్టెరాయిడ్ ఉంటుంది. రోజూ వేసుకుంటున్నది ఉన్నట్టుండి ఆగిపోతే బీపీ పడిపోతుంది. ఇప్పటికే చాలా తక్కువగా ఉంది. తెలియకుండా నేను వైద్యం చెయ్యలేను. గుర్తు తెచ్చుకుని చెప్పండి, తొందరగా."

"ఇంకేమియ్యలే" అంది అలివేలు. నిజమే చెప్పింది, తనకు తెలిసినంతలో.

అంతలో కబురందుకుని వనపర్తి నుంచి ఆడబిడ్డ మాలతి దిగింది. రొట్టెల మూటా, నీళ్ల సీసా సంచిలో పెట్టుకుని, జుట్టయినా దువ్వుకోకుండా బస్సెక్కి వచ్చిన మనిషి. అన్నకు వదిన గోలి ఇచ్చిందని వినగానే ఆమె ఏడుపు కోపంగా మారింది.

"నువ్వేమన్న డాక్టరువా వదినా? ఏది పడితే అది కొనుక్కొచ్చి పోస్తవా? బంగారం అసుంటి మనిషిని రక్తం కక్కిస్తివి గద."

ఒక సంగతి అలివేలుకు వింతగా తోచింది. సాయమ్మ మాట్లాడటం లేదు. కోడలి మీద ఈగ వాలినా దానికో వంక పెట్టే అత్తగారు, కూతురు ఇంత అందించాక కూడా నోరు మెదపడం లేదు. గోడ వైపు తిరిగి, కొంగు చివర పిడికిట్లో బిగించి పట్టుకుంది. వేళ్ల కణుపులు తెల్లబడేటంత గట్టిగా.

రక్తం ఇవ్వడానికి మనిషి కావాలని నర్సు పిలిచింది. మాలతి వెళ్లింది. వరండాలో అత్తాకోడళ్లిద్దరే మిగిలారు.

అలివేలు లేచి వెళ్లి ఆమె ముందు నిలబడింది. ఎన్నాళ్లకో ముఖాముఖి.

"అత్తమ్మా, కొంగుల ఏమున్నది?"

"ఏం లేదు."

"నిన్ను తప్పు పట్టనీకి అడుగుతలేను. డాక్టరమ్మ అడుగుతుంది."

"లేదంటున్న గద."

"అత్తమ్మా..." అలివేలు ఇంకో అడుగు ముందుకు వేసింది. "లోపల ఉన్నది నీ కొడుకే గద. నాకు మొగుడైతే నీకు కడుపుల పుట్టినోడు గద. నా మీద కోపం వానిమీద తీరుస్తవా?"

సాయమ్మ పిడికిలి మెల్లగా విడింది. కొంగు ముడిలో చిన్న కాగితం పొట్లం. అందులో ముక్కలు ముక్కలుగా కత్తిరించిన గోలీల అట్టలు, ఎర్రవి కొన్ని, తెల్లటి చిన్నవి కొన్ని.

"రాజోలి సూదుల డాక్టరు నా మోకాళ్లకు ఇచ్చినవి బిడ్డా. ఏసుకుంటే రెక్కలొచ్చినట్టుండె నాకు. వాడు చెయ్యి పట్టుకొని గుంటల కూసొని ఏడుస్తుంటే చూడలేకపోయిన. నేను మానుకొని నా వంతువి వానికి ఇచ్చుకుంట వచ్చిన. పగటిపూట ఒక ఎర్రది, ఒక తెల్లది. నువ్వు పొద్దుగాల ఇస్తున్నవని నాకేం తెల్సు?"

అలివేలు ఆమె కాళ్ల వైపు చూసింది. చీర కుచ్చెళ్ల కింద మోకాళ్లు కుండల్లా ఉబ్బి ఉన్నాయి. మధ్యాహ్నం ఈమె గోడ పట్టుకుని ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలిసింది. తన నొప్పిని తాను ఓర్చుకుని, ఆ మందు కొడుకు నోట్లో పెట్టింది తల్లి. అదే అతని కడుపులో పుండయింది.

"నా పేరు చెప్పకు బిడ్డా" అంది సాయమ్మ, చిన్న పిల్లలాగా. "మొక్కిందీ నేనే, వాన్ని సంపుకున్నదీ నేనే అంటరు. మాలతి నా మొకం చూడదు. నారాయణకు తెలిస్తే నేను బతికి ఏం లాభం..."

ఇక్కడ ఇంకొకతె అయితే ఏం చేసేదో నాకు తెలియదు. నెలనాళ్లు ఎడమొహం పెట్టిన అత్త, కూతురు నిందలు వేస్తుంటే చూస్తూ ఊరుకున్న అత్త, ఇప్పుడు చేతికి చిక్కింది. ఒక్క మాటతో నెత్తిన ఉన్న బరువులో సగం దించేసుకోవచ్చు. అలివేలుకు ఆ ఆలోచన రాలేదని నేను అబద్ధం చెప్పను. వచ్చింది. పొట్లం పట్టుకుని ఒక్క క్షణం నిలబడింది కూడా. ఆ తర్వాత డాక్టరమ్మ గది వైపు పరుగు తీసింది.

"మేడం, ఇవి గూడ... ఇవి గూడ నేనే ఇచ్చిన. యాదికి రాలేదు."

తలుపు తెరిచే ఉంది. ఆ మాట వరండాలో ఉన్న సాయమ్మకు వినబడింది.

డాక్టరమ్మ అట్టల వెనక మిగిలిన అక్షరాలు చూసి నర్సును కేకేసింది. ఏదో సూది మందు చెప్పింది. ఆ తొందర తీరాక అలివేలు వైపు తిరిగింది.

"తెచ్చి మంచి పని చేశావు, ఈ తెల్లవి స్టెరాయిడే. ఎర్రవి డైక్లోఫినాక్. నువ్వు షాపులో కొన్నది ఐబుప్రోఫెన్. రంగు వేరు, పేరు వేరు, జాతి ఒక్కటే తల్లీ. రెండూ వాపు తీసేవే. అవి నొప్పిని ఆపేటప్పుడు కడుపు లోపలి పొరను కాపాడేదాన్ని కూడా ఆపేస్తాయి. గుండె గోలీ కూడా ఆ కోవదే, పైగా కారే రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. ఒకదాని మీద ఒకటి వేస్తే బలం రెండింతలు కాదు, పుండు రెండింతలు. ఇలాంటి మనిషికి వట్టి పారాసిటమాల్, అదీ కొలత దాటకుండా, ముందు మమ్మల్ని అడిగి ఇవ్వాలి. ఇన్ని రకాలు ఎట్లా ఇచ్చావమ్మా?"

"తెల్వక" అంది అలివేలు.

రక్తమిచ్చి వచ్చిన మాలతికి నర్సు అంతా చెప్పింది. ఇంక ఆపేదెవరు? "రెండు తీర్ల గోలీలా? ఒకటి సాలలేదని ఇంకొకటా? మా అన్న బతికి బయటికి రానీ, సక్కగ వనపర్తి తీసుకపోత. నీ చేతి నీళ్లు గూడ ముట్టనియ్య" అంది. అలివేలు తల దించుకుని విన్నది. సాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

మరునాటి మధ్యాహ్నం దాకా లోపలి నుంచి మంచి కబురు లేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ముగ్గురూ లేచి నిలబడటం, ఎవరో నర్సు ట్రేతో పోవడం, మళ్లీ కూలబడటం. గొట్టం వేసి పుండు దగ్గర రక్తం కారకుండా చేశారని ఒకసారి, ఇంకా రక్తం కావాలని ఒకసారి చెప్పారు. పసుపుకుంకాలు నిలుస్తాయో లేదో తెలియక ఆ ఇల్లాలు పడ్డ యాతన పగవాళ్లకు కూడా వద్దు... పొద్దు నడినెత్తికి వచ్చాక డాక్టరమ్మ వచ్చి, "కళ్లు తెరిచాడు. గండం గడిచింది. రండి" అంది.

నారాయణ పీలగా, మంచానికి అతుక్కుపోయినట్టు ఉన్నాడు. ముగ్గురూ మంచం చుట్టూ నిలబడ్డారు. డాక్టరమ్మ అతనికే చెప్పింది, "ఇంక నొప్పికని ఏ గోలి పడితే ఆ గోలి మింగకు. మీ ఆవిడ రెండు రకాలూ ఇచ్చిందట, ఆమెకూ చెప్పాను."

"రెండు రకాలు అలివేలు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు నారాయణ. తల్లి ముఖం చూశాడు. భార్య ముఖం చూశాడు. అలివేలు వద్దన్నట్టు తల ఊపింది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏందన్నా?" అంది మాలతి.

ఆ నిమిషం సాయమ్మకు ఎంత పొడవుగా ఉందో ఆమెకే తెలుసు. మంచం పట్టె ఊతం చేసుకుని నిటారుగా నిలబడింది.

"రెండోది నేనిచ్చిన మాలతీ. నా మోకాళ్ల గోలీలు. డాక్టరమ్మ అడిగితే నేను దాచిపెట్టిన. వదినె అని చూడకుండ నువ్వు ఇన్ని మాటలంటుంటే, నా కోడలు అని చూడకుండ నేను ఇనుకుంట కూసున్న. ఇది నా మీద పడనియ్యలె. నెత్తినేసుకున్నది."

మాలతి వదిన చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోవడానికి మొహం చెల్లక సంచి సర్దుకుంటూ నిలబడింది.

"తప్పు ఎవ్వలది గాదు" అన్నాడు నారాయణ నీరసంగా. "మింగినోన్ని నేను. అమ్మది వద్దంటే అమ్మ చిన్నబోతది. దీనిది వద్దంటే ఇది అలుగుతది. అమ్మ మాట దీనికి, దీని మాట అమ్మకు మోసి మోసి యాష్టకొచ్చిన. రెండు మింగితే ఇంట్ల లొల్లి ఉండదనుకున్న. దొడ్డికి నల్లగ పోతున్నా చెప్పలే."

వినండి! ఇంట్లో లొల్లి వద్దని విషం మింగాడట ఈ మగమహారాజు. అప్పటిదాకా ఒక్క కన్నీటి బొట్టు రాల్చని అలివేలుకు అప్పుడు ఏడుపు కట్ట తెంచుకుంది.

"అలిగితే ఏమైతుండె? ఒక పూట మాట్లాడకపోదును. గంతకే పానం తీసుకుంటవా? నాకు నా మాట నెగ్గుడు కావాల్నా, నువ్వు కావాల్నా..." అంటూనే ఆమె కళ్లు మూతలు పడ్డాయి. మంచం మీదికి తూలింది. డాక్టరమ్మ చటుక్కున పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఎప్పుడు తిన్నావమ్మా నువ్వు?"

చీర ఇంకా మగ్గం మీదే ఉంది. మొక్కు తీరలేదు. నిన్న పొద్దు గూకాక తినవలసిన మనిషి, భర్త లోపల ఉన్నాడని తినలేదు. ఇవాళ మళ్లీ పొద్దు గూకేదాకా తినకూడదు. నెల నుంచీ అదే ఖాళీ కడుపుతో అదే మగ్గం మీద తానూ కూర్చుందన్న సంగతి ఆ ఇంట్లో ఒక్కరికైనా తోచలేదు.

సాయమ్మకు ఇప్పుడు తోచింది. కుంటుకుంటూ పోయి మాలతి సంచిలోంచి రొట్టెల మూట తీసింది. జొన్నరొట్టె తుంచి, పప్పులో అద్ది, కోడలి నోటి దగ్గర పెట్టింది.

"పొద్దు గూకలే అత్తమ్మా" అంది అలివేలు.

"గూకకపోనీ."

"మొక్కు..."

"మొక్కినదాన్ని నేను. ఆమెతోని ఏమన్న చెప్పుకునేదుంటే నేను చెప్పుకుంట. నువ్వు తిను బిడ్డా. తినే నేద్దురు ఇగ, ఇద్దరు."

అలివేలు నోరు తెరిచింది. మాలతి నీళ్లు అందించింది. సాయమ్మ ఇంకో ముక్క తుంచుతూ కోడలి కుడిచెయ్యి చూసింది. మోకాలి మీద వదులుగా పడి ఉన్న ఆ చేతి మణికట్టు, నారాయణ మణికట్టులాగే వాచి ఉంది. అదే నాడె, అదే విసురు. అతను ఎన్నిసార్లు విసిరాడో ఈమె కూడా అన్నిసార్లు విసిరింది.

ముసలామె ఆ మణికట్టును రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నీకు గూడ నొస్తుండెనా?"

లేదని చెప్పడమే అలివేలుకు అలవాటు.

"నొస్తది అత్తమ్మా," అంది చివరికి. "మస్తు నొస్తది."